బుగ్గ సొట్ట ఎవరిది?

అమ్మాయీ, నేనూ నీ కొడుకూ ఇక్కడ కులాసా. వాడు చదివే మగపిల్లల బడిలో జీవశాస్త్రం మాస్టారు, ఎవరి పోలికలు ఎవరి నుంచి వచ్చాయో పట్టిక వేసి తెమ్మన్నారు. చెవి తమ్మెలు, నాలుక మడత, ఉంగరాల జుట్టు, అన్నిటికీ ఎదురుగా ‘అమ్మమ్మ’ అనే రాశాడు.

“పొద్దున్నే లేపి చదివిస్తున్నది ఎవర్రా?” అన్నాను.

“అది జీవశాస్త్రంలోకి రాదు నాయనమ్మా!” అన్నాడు.

వాడి బుగ్గ సొట్ట మాత్రం నాదే. పళ్లు ఊడి బుగ్గలు లోపలికి పోయాక నాకది కనిపించడం మానేసింది. చెబితే వాడు నమ్మడు. పట్టిక వచ్చే సోమవారం ఇవ్వాలి. చిన్నప్పుడు బడిలో బహుమతి అందుకుంటూ నేను నవ్విన ఫోటో అక్కడ ఇంట్లో నా పెట్టె అడుగున ఉంది, వెంటనే పంపు. కిటికీ గొళ్లెం బాగు చేయించావా? పాల లెక్క రాయి.

నీకు ఆశీస్సులు, నీ దగ్గరున్న మీ అమ్మగారికి నమస్కారాలు. కవరులో పెట్టేముందు ఆ ఫోటో ఆవిడకు ఒకసారి చూపించు.

మీ అత్తయ్య