మొదటి మగ్గు నీళ్లు

డెన్మార్క్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అన్నయ్యకు, వదినకు సునీత వందనాలు. దేవుని దయవల్ల కోడూరులో అంతా కులాసా అని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకండి.

రోజూ వీడియోలో మాట్లాడుతూ మళ్లీ ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. నీ మొహం కనబడగానే "బాగున్నా అన్నయ్యా" అని నోటికి వచ్చేస్తుంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి వదినకి పంపుతున్నాను. చెరువులో రొయ్య సీడ్ వదిలే రోజుకి నేను రాలేను.

తప్పు నాదే. ఫ్యాక్టరీల్లో మంచినీళ్లకి బదులు సముద్రపు నీళ్లు వాడుకునేలా, ఉప్పుకి తట్టుకునే ఈస్ట్‌ని తయారుచేయడం నా పని. రొట్టె పిండిని పొంగించే ఈస్టే అది. నిన్నటి సీసాలోంచి కాస్త తీసి కొత్త సీసాలో వేయాలి. బాగా పెరిగితే ఉప్పు ఇంకొంచెం పెంచాలి. తట్టుకున్నవి పెరుగుతాయి, మిగతావి పోతాయి. నెలల తరబడి ఇదే పని, ఆదివారం కూడా. చర్చికి వెళ్లి చాలా వారాలైంది, పాస్టరుగారికి చెప్పకు.

ఇది పూర్తయితేనే సెలవు. నేను వచ్చాకే సీడ్ వదులుదామని చెరువు సిద్ధం చేసుకుని కూర్చున్నావని వదిన చెప్పింది. ఆ తొందరలో రెండు మెట్లు ఉప్పు ఒక్కసారే పెంచేశాను. మర్నాడు సీసా తేటగా ఉంది. బతికి ఉంటే గంజిలా ఉండాలి. మా పై ఆఫీసరావిడ కోప్పడలేదు. ఫ్రీజర్లో దాచిన పాత నమూనా తీసి, మళ్లీ ఇక్కణ్ణించి మొదలుపెట్టమంది. నెలన్నర పని పోయింది. కోప్పడినా బాగుండేది.

చిన్నప్పుడు కూడా ఇదే చేశాను కదా. సీడ్ కవర్లు చెరువులో తేలేసి లోపలి పిల్ల మన ఉప్పుకి అలవాటు పడేలా నువ్వు మగ్గుతో కొద్దికొద్దిగా చెరువు నీళ్లు కలుపుతుంటే, ఎండకి విసుగొచ్చి నేను బకెట్టెడు కుమ్మరించాను. ఆ కవరులో రొయ్య పిల్లంతా చచ్చిపోయింది. "నీకు తొందరైతే దానికి తొందరేంటే?" అన్నావు. అయినా మరుసటి పంటకి మొదటి మగ్గు నా చేతికే ఇచ్చావు. అప్పట్నుంచి అది నాదే.

ఇక్కడ మూడున్నరకే చీకటి పడుతోంది. వదిన ఇచ్చిన రొయ్యల పచ్చడి అడుగంటింది, ఎవరైనా వస్తుంటే ఇంకో సీసా పంపండి. మనుషులు మంచివాళ్లే, పలకరిస్తే నవ్వుతారు. ఆదివారం మాత్రం ల్యాబులో నేనొక్కదాన్నే. సీసాలు ఊపే మిషను మన చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్‌లా మోగుతుంది. పనైపోయినా దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. చాలా ఒంటరిగా ఉంది అన్నయ్యా. మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను.

నా కోసం ఆగకు. అదను పోతే మళ్లీ రాదు. ఇది చదివి వినిపిస్తున్న వదినా, ఈసారి మొదటి మగ్గు నువ్వు పొయ్యి. గట్టు మీద కుర్చీ వేయించుకుని నెమ్మదిగా పొయ్యి. అన్నయ్య తొందరపెడితే ఆయన మాటే ఆయనకి అప్పజెప్పు.

మన వీధిలో పెద్దలందరికీ వందనాలు చెప్పండి. మీ ప్రార్థనలో నా పేరు కూడా తలుచుకోండి.

మీ చెల్లెలు,
సునీత

సీడ్ వదిలే రోజు ఫోను చెయ్యండి. నాతో మాట్లాడక్కర్లేదు. ఫోను గట్టు మీద పెట్టి మీ పని మీరు చేసుకోండి, నీళ్లు పోస్తున్న చప్పుడు వింటాను.