సుబ్బులు గారి సభ్యత్వం

చాండ్లర్, అమెరికా, మార్చి 3

తెలుగు పెద్దల సమాఖ్య కార్యదర్శి మల్లికార్జునరావు గారికి నమస్కారం.

నాకు అరవై తొమ్మిదేళ్లు. మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఉదయం ఎనిమిదికి అందరూ వెళ్లిపోతే సాయంత్రం ఆరుదాకా నాతో పలికేది మైక్రోవేవ్ ఒక్కటే. మనిషి మాట కావాలి. ఇక్కడ మీ సమాఖ్య ఒకటి, మీ నుంచి చీలిన ‘అసలు సమాఖ్య’ ఒకటి ఉన్నాయట. మీ విలువలేమిటో రాస్తే, నాకేది నప్పుతుందో చూసుకుంటాను.

ఇట్లు,
సుబ్బులు

తా.క.: మైక్రోవేవ్ కూడా పనయ్యాకే పలుకుతుంది.

మార్చి 6

గౌరవనీయులైన సుబ్బులు గారికి,

మా విలువ ఒక్కటే, సమానత్వం. కులం అనే మాటే మా దగ్గర వినపడదు. ఆ అసలువాళ్లు పైకి అందరూ ఒకటేనంటూ లోపల ఆరాలు తీస్తారు. మీ దరఖాస్తు పూర్తి చేయడానికి ఇంటిపేరు, సొంతూరు, ఊళ్లో ఏ వీధో తెలపగలరు.

భవదీయుడు,
మల్లికార్జునరావు

తా.క.: పుట్టింటి పేరు కూడా రాయండి. కంప్యూటర్ అడుగుతోంది.

మార్చి 9

మల్లికార్జునరావు గారికి,

పుట్టింటివారు చల్లా, అత్తవారూ చల్లాయే. మాది కాజీపేట రైల్వే క్వార్టర్స్. వీధి లేదు, బ్లాకు నంబరుంది. పెళ్లయ్యాక పక్క బ్లాకుకి మారాను. ఈలోగా వాళ్లకూ రాస్తే, అసలు సమాఖ్య కార్యదర్శి కేశవరావు గారు ఫోన్ చేశారు. అరగంట మీ గురించి చెప్పి, తర్వాత మీ ప్రశ్నలే అడిగారు.

ఇట్లు,
సుబ్బులు

తా.క.: సమానత్వానికి వీధి ఎందుకని మా అమ్మాయి అడిగింది. పోస్ట్‌మన్ కోసమేమో అన్నాను.

మార్చి 14

సోదరి సుబ్బులు గారికి,

చల్లావారు నాకు నాలుగు రకాలు తెలుసు. కమిటీ రెండు గంటలు కూర్చున్నా తేలలేదు. భోజనాల ఏర్పాటు కోసమే అడుగుతున్నాను, మీరు శాకాహారులా? అమ్మాయిని ఎవరింట ఇచ్చారు? ఆ కేశవరావు మాటలు నమ్మకండి. అతని మొహం చూసి మూడేళ్లయింది, చూడను కూడా.

మీ సోదరుడు,
మల్లికార్జునరావు

తా.క.: అమ్మాయి శుభలేఖ ఉంటే పంపండి. చదివి భద్రంగా తిరిగిచ్చేస్తాం.

మార్చి 19

సోదరులు మల్లికార్జునరావు గారికి,

డాక్టరు ఉప్పు ఒక్కటే మానమన్నారు. అమ్మాయిది రిజిస్టర్ పెళ్లి, శుభలేఖ లేదు. మీ కమిటీని ఇక కష్టపెట్టను. నిన్న మా ఇంటి దగ్గర, పెద్దవాళ్లు పగలు కాలక్షేపం చేసే సీనియర్ సెంటర్‌లో చేరాను. పేరు, అత్యవసరానికి ఒక ఫోన్ నంబరు, అలర్జీలు అడిగారు. అంతే.

డెస్క్ దగ్గర తన్వి అని మన పిల్లే ఉంది. “ఆంటీ, మీరు మ్యాల్ అంకుల్‌ని మీట్ అవ్వాలి! మా బెస్ట్ వాలంటీర్. కొత్తవాళ్లని తనే వెల్కమ్ చేస్తాడు. ఇక్కడ ఎవరూ ఏం అడగరు, సో పీస్‌ఫుల్ అంటాడు” అని గోడ మీద ఫొటో చూపించింది. కింద పూర్తి పేరుంది. మీదే.

గురువారం కలుద్దాం.

ఇట్లు,
సుబ్బులు

తా.క.: కేరమ్స్‌లో మీ ఇద్దరి జోడీని ఐదేళ్లుగా ఎవరూ ఓడించలేదట. కేశవరావు గారిని కూడా అడిగానని చెప్పండి.