జుహురా కర్రల మీది పచ్చాకు

టాటు అక్కకి,

మిజా సలాములు. పెంబాలో లవంగాల కోతతో నీ నడుం విరిగిపోతుంటే ఇక్కడి గోల ఎందుకులే అనుకున్నాను. కానీ కడుపు మండిపోతోంది, ఇంకెవరితో చెప్పుకోను?

అంతా నా ఆడపడుచు జుహురా గురించే. సముద్రంలో ఆవిడగారి నాచుమడి చూశావంటే నీకు డోకొస్తుంది. ఆటుకి నీరు వెనక్కి తీసినప్పుడల్లా మేమంతా నాచుతాళ్లు కట్టే కర్రల్ని ఆల్చిప్పతో గీకి నున్నగా ఉంచుతామా, ఈ మహాతల్లి కర్రల నిండా పచ్చాకే. తడి కాగితంలా వేలాడే ఆ పనికిమాలిన ఆకు. "గీకవే తల్లీ, జనం నవ్వుతున్నారు" అన్నాను. "దాన్నీ బతకనీ వదినా, నాకు నడుం నొప్పి" అంది. నడుం నొప్పట! మామిడికాయ పులుసు గిన్నె ముందు కూర్చున్నప్పుడు ఆ నొప్పి ఎక్కడికి పోతుందో!

నీకొక్కదానికే చెబుతున్నాను. అత్తగారు పోతూ పోతూ ఒడ్డు దగ్గరి మంచి మడి ఈ బద్ధకపుదానికి రాసిచ్చింది. మంచం మీదున్న ఆ ముసలామెకు పదకొండేళ్లు నీళ్లు పోసింది ఎవరు? నేను. నాకు దక్కింది అలలు కొట్టే బయటి మడి. మా ఆయనతో కూడా ఈ మాట ఎప్పుడూ అనలేదు.

నీ చెల్లెలు,
మిజా

అక్కా,

నా మడి పోయింది. వెంట్రుకల్లాంటి గోధుమరంగు జిగురు ఎక్కడినుంచి వచ్చిందో, తాళ్లన్నిటినీ చుట్టేసింది. నాచు తెల్లబడి ముక్కలై రాలిపోయింది. మళ్లీ తాళ్లకి కట్టుకోవడానికి ఒక్క విత్తనపు కొమ్మ మిగల్లేదు. ఖాళీగా పడున్న మడి ఎవరిదైనా సంఘానిదేనట, పౌర్ణమి ఆటుకి మడిలో తాళ్లు కనబడకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానని సంఘం పెద్ద టిమే పెద్దమ్మ తేల్చి చెప్పింది. విత్తనం ఎవరినడగను? శుభ్రంగా చేసుకునేవాళ్లందరి మడులూ నాలాగే ఉన్నాయి. పచ్చగా ఉన్నది ఒక్కటే, ఆ మురికిదానిది.

దాన్ని నేను అడగాలా? నా చెప్పు కూడా అడగదు.

మొన్న అమావాస్య ఆటు రోజు అది పక్క ఊరికి పెళ్లికి వెళ్లింది. చేతగానమ్మకు చేష్టలెక్కువ, పని వదిలేసి చేతులకు గోరింటాకు పెట్టుకుని మరీ వెళ్లింది. నేను దాని మడిలోకి దిగి కర్రకర్రకీ ఉన్న పచ్చాకంతా గీకిపారేశాను. ఒక్క ఆకు ఉంచలేదు. నాచు జోలికి పోలేదు, ఒట్టు. వదిన గీకితే తప్ప దీని మడి మడిలా లేదని ఊరంతా చెప్పుకోవాలి, అది సిగ్గుతో చావాలి. అంతే నాకు కావలసింది.

మిజా

అక్కా,

ఇది చదివాక చింపెయ్.

జుహురా మడికి కూడా జిగురు పట్టింది. వారం రోజుల్లో మొత్తం పోయింది. పట్నం నుంచి నాచు గురించి చదువుకున్న మ్వతిమా అనే ఆవిడ వచ్చింది. రెండు బేసిన్లలో సముద్రపు నీళ్లు పోసి, రెండిట్లోనూ జిగురు వేసి, ఒకదాంట్లో మాత్రం పచ్చాకు వేసింది. నాలుగు రోజులకి ఆకు ఉన్న బేసిన్‌లో జిగురు చచ్చింది. "పచ్చాకు నీళ్లలోకి ఏదో మందు వదులుతుందమ్మా. జిగురుకి అది పడదు. మీరు శుభ్రం శుభ్రమని కొంప ముంచుకున్నారు" అంది. తర్వాత జుహురా కర్రలు చూసి, "ఇక్కడ మొన్నటిదాకా ఆకు ఉందన్నారే, ఎవరు గీకారు?" అని అడిగింది.

నేను వంగి కాళ్లకంటిన ఇసుక దులుపుకున్నాను.

"నేనే" అంది జుహురా. "నడుం నొప్పి తగ్గిందని సరదాపడ్డాను."

"ఏడ్చినట్టే ఉంది నీ సరదా! ఇన్నాళ్లూ లేని బుద్ధి ఇప్పుడే పుట్టిందా?" అని టిమే పెద్దమ్మ అందరి ముందూ దాన్ని కడిగేసింది. రెండు మడులూ పౌర్ణమికి వేరేవాళ్లకి పోతాయంది.

తిరిగి వస్తుంటే జుహురా మెల్లగా నాతో అంది: "పెళ్లి నుంచి వచ్చేసరికి కర్రలు మెరుస్తున్నాయి. నువ్వేనని పిల్లలు చెప్పారు. ఇన్నేళ్లకి నా మీద కోపం పోయిందనుకుని ఏడ్చాను వదినా. వెనక వరసలో ఇరవై తాళ్లు నీకోసమే కట్టి ఉంచాను, పౌర్ణమికి ఇద్దామని. అవీ పోయాయి."

నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాను అక్కా. ఇల్లు చేరాక నా మొహం చూసుకోవాలంటే అసహ్యమేసింది.

ఈ రోజు నీరు తీయగానే అందరి ముందూ నిలబడి చెప్పేశాను. గీకింది నేనని, ప్రేమతో కాదని, కుళ్లుతో అని. జుహురా తప్పు లేదు కాబట్టి దాని మడి దానికే ఉంచారు. దక్షిణం ఊరి నుంచి విత్తనం తెప్పిస్తారట. నా మడి కూడా దానికే ఇచ్చారు. నాకు తగిన శాస్తే.

సాయంత్రం అది గుమ్మంలోకి వచ్చి, "రేపు ఎన్నింటికి దిగుదాం వదినా?" అంది.

ఆ మొహం చూడలేక తలుపు వేసుకున్నాను. ఇంకా అక్కడే కూర్చుని ఉంది అక్కా, దగ్గు వినిపిస్తోంది.

మిజా