వెల్లకిలా పడటం

గుడిబండ,
ఆదివారం.

పవిత్రమ్మా,

ధర్మవరం మ్యాచ్‌లో బంతి జారవిడిచావని, ఇక రగ్బీ మానేస్తానంటున్నావని మీ నాయన చెప్పాడు. ఫోన్లో నాకు సగం మాటలే వినపడతాయి, అందుకే రాస్తున్నా.

డెబ్బై ఒకటి యుద్ధానికి ముందు మా రెజిమెంటు జట్టులో నేనూ బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి. గొర్రెలకాపరి కొడుకుని కదా, మొదటి ఆటలో బంతిని అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలా చంకన పెట్టుకున్నా. ఎదుటివాళ్లు మీదపడితే, పిల్ల నలిగిపోతుందన్నట్టు వెల్లకిలా తిరిగి పడ్డా. అందరూ పడీపడీ నవ్వారు. బంతి మాత్రం నా దగ్గరే ఉంది. ఆ తర్వాత ప్రతి ఆటలోనూ బంతి నాకే ఇచ్చారు. యుద్ధంలో మోకాలు దెబ్బతింది, ఆట అక్కడితో సరి. నాకేం వెలితి లేదు. గొర్రెలు నన్ను బాగానే పరుగెత్తించాయి.

చిన్నప్పుడు నువ్వూ గొర్రెపిల్లల్ని మోసినదానివే, ఒక్కదాన్నీ పడెయ్యలేదు. ఈసారి బంతిని బంతి అనుకోకుండా పట్టుకుని చూడు, తర్వాత మానేద్దువుగాని.

నిన్న గొర్రెపిల్లను ఎత్తుకుని వంక దాటుతుంటే కాలు జారింది. వెల్లకిలా పడ్డా. మీ అవ్వ పరుగెత్తుకొచ్చి, “ఏందయ్యా, ఇంగా ఆట మానలేదా నువ్వు?” అంది.

నడుము కాస్త పట్టింది. పిల్ల గంతులేస్తా ఉండాది.

మీ తాత