నాన్న వేయించిన టైర్లు

బాపట్ల,
20 నవంబరు 2025.

పూజ్యులైన తాతయ్యకు,

ప్రభువు నామంలో వందనాలు చెప్పుకుంటూ మీ మనవరాలు కరుణశ్రీ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ మీరూ నానమ్మా బాగుండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ కాగితం ఎందుకని మీరనుకోవచ్చు. నాన్న బండి టైర్ల మాట ఎత్తగానే మీరు "సిగ్నల్ సరిగ్గా లేదమ్మా" అని ఫోను పెట్టేస్తున్నారు. ఉత్తరాన్ని మాత్రం సగంలో ఆపలేరు. ఎన్నో ఏళ్ళు తెలుగు చెప్పిన మాస్టారు కదా, ఎవరు రాసినా చివరి చుక్క దాకా చదువుతారు. ఎర్ర పెన్ను మాత్రం కాస్త పక్కన పెట్టండి. నా తప్పులు తర్వాత దిద్దుదురు గాని.

తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. తమ్ముడి చేతికి కట్టు విప్పేశారట. మణికట్టు ఇంకా పూర్తిగా తిరగడం లేదట. వేళ్ళకి బలం రావాలని మెత్తటి బంతి నొక్కమన్నారట. వాడు ఎడమ చేత్తో బంతి నొక్కుతూ కుడి చేత్తో అన్నం తింటున్నాడని అమ్మ నవ్వింది. అమ్మ నవ్వు విని నాకు ప్రాణం కుదుటపడింది.

నానమ్మ మాత్రం మీ మీద ఫిర్యాదు చేసింది. "మీ తాత నల్లోడికి ముద్ద వేయడం మానేశాడే. గేటు దగ్గరికొస్తే కర్ర తీస్తున్నాడు. వేమూరు కాడ ఏ కుక్కో అడ్డమొస్తే రేపల్లె కుక్క ఏం చేసిద్ది?" అంది. సాయంత్రమయ్యేసరికి నల్లోడు అలవాటుగా మెట్ల కింద కూర్చుని మీ చేతులకేసే చూస్తున్నాడట. తమ్ముణ్ణి బండి మీంచి పడేసిన కుక్క మీద మీ కోపం నాకర్థమవుతుంది. ఆ సంగతి ఇప్పటికి ఇలా ఉండనివ్వండి.

ఇక అసలు విషయం. ఇరవై తొమ్మిదో తేదీ శనివారం మా కాలేజీలో వ్యాసరచన బహుమతి నాకిస్తున్నారు. మీరు నానమ్మని వెనక కూర్చోబెట్టుకుని నాన్న బండి మీద రేపల్లె నుంచి బాపట్ల దాకా వస్తానంటున్నారు. మీరు ఎందుకలా పట్టుబడుతున్నారో నాకు తెలుసు. నేను పెద్ద కాలేజీలో చేరితే ఈ బండి మీదే గేటు దాకా వచ్చి దింపుతానని నాన్న నా చిన్నప్పుడు అనేవాడు. నాన్న రాలేడు కాబట్టి బండైనా రావాలని మీ కోరిక. ఆ కోరిక విన్న రోజు నేను హాస్టల్ మేడ మీదికి వెళ్ళి ఒక్కదాన్నే చాలాసేపు కూర్చున్నాను.

కానీ తాతయ్యా, ఆ టైర్ల మీద మీరిద్దరూ రావద్దు.

"టైరుకేమైందే? గాడులు చూడు, షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది" అంటారు మీరు. నిజమే. బండి పెద్దగా తిరగలేదు కాబట్టి గాడులు అరగలేదు. దసరా సెలవులకి వచ్చినప్పుడు వసారాలో దాని పక్కన కూర్చుని చూశాను. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు ఉన్నాయి. 3515. అది తయారైన తేదీ. రెండు వేల పదిహేనో సంవత్సరం, ముప్పై అయిదో వారం. ఆ క్రిస్మస్ ముందే కదా నాన్న తెనాలిలో వాటిని వేయించుకొచ్చాడు. సంక్రాంతి దాటకుండానే గుండెపోటుతో వెళ్ళిపోయాడు.

టైరు మీద గోరుతో గట్టిగా నొక్కి చూశాను. దిగలేదు. హాస్టల్లో నా స్నేహితురాలి స్కూటీ టైరు మీద అలాగే నొక్కితే కొంచెం దిగింది. బండి తిరిగితేనే రబ్బరుకి వయసు మీద పడుతుందని కాదట. ఊరికే నిలబెట్టినా గాలికీ ఎండకీ బిరుసెక్కిపోతుందట. బిరుసెక్కడం అనే మాట నేను ఇన్నాళ్ళూ చల్లారిన రొట్టెలకే వాడాను. ఇప్పుడా మాట తలుచుకుంటే భయమేస్తోంది. అయిదేళ్ళు దాటితే ఏటా చూపించుకోవాలని, పదేళ్ళయితే గాడులు ఎంత బాగున్నా తీసేయాలని తయారుచేసేవాళ్ళే చెబుతున్నారు.

ఇంకొకటి రాయాలి. రాయడానికి మనసు రావడం లేదు. ప్రతి శనివారం సాయంత్రం మీరు చర్చికి వేసుకెళ్ళే చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లు తుడుచుకుని, ఆ తర్వాత బండి దగ్గర కూర్చుంటారు. కొబ్బరినూనె గుడ్డతో రెండు టైర్లనీ ఆదివారం బూట్లలా మెరిసేదాకా రుద్దుతారు. చిన్నప్పుడు ఆ నూనె వాసన వస్తే రేపు ఆదివారమని నాకు తెలిసేది. ఆ నూనె రబ్బరుకి మంచిది కాదు తాతయ్యా. పైన నున్నగా మెరుస్తుంది, అడుగున పగుళ్ళు కనిపించవు. నేను గాడిని వేళ్ళతో విడదీసి చూస్తే లోపల సన్నటి గీతలు కనిపించాయి, ఎండిన పొలంలో నెర్రెల్లా. మీరు తెలిసి చేయలేదు. కొడుకు వస్తువుని అంత శ్రద్ధగా చూసుకున్న తండ్రిని నేనింకొకరిని చూడలేదు.

మా కాలేజీ ఎదురుగా వెంకటప్పయ్య గారని పంక్చర్ల షాపాయన ఉన్నాడు. నేను చెప్పింది కాకపోతే ఆయన చెప్పింది వింటారేమోనని అడిగాను. ఎవరు నడుపుతారమ్మా అన్నాడు. మా తాతయ్యండి, వెనక నానమ్మ కూర్చుంటుందండి అన్నాను. ఆయన నవ్వి, "మీ తాతగారికి ఆ టైర్లంటే అంత ముద్దయితే మంచం పక్కన పెట్టుకోమనండమ్మా, రోడ్డు మాత్రం ఎక్కించొద్దనండి" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆ మాట సబబుగానే ఉంది. పారేయమని మిమ్మల్ని ఎవరడిగారు? విప్పించి వసారాలోనే పెట్టుకుందాం. నానమ్మ అందులో మట్టి పోసి కనకాంబరం నాటుతానంటే మాత్రం మీరు కోప్పడకూడదు.

వాటిని విప్పితే నాన్న చేతి పని ఇంకేమీ మిగలదని మీరు నానమ్మతో అన్నారట. ఆ మాట చెప్పి ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కానీ టైర్లు వేయించుకొచ్చిన రోజు నాన్న ఏమన్నాడో మీరే నాకు ఎన్నోసార్లు చెప్పారు. "నాన్నా, ఇంక పదేళ్ళు వీటి వంక చూడక్కర్లేదు" అన్నాడని. మీరు ఆ మాటని ఇన్నేళ్ళూ కాపాడారు. ఇప్పుడా పదేళ్ళు నిండాయి తాతయ్యా. నాన్న అడిగినంతా అయిపోయింది. ఇక వాటి వంక చూడమని నాన్నే చెప్పినట్టు అనుకోండి.

ఇరవై తొమ్మిదిన మాత్రం రైల్లో రండి. రేపల్లెలో పొద్దున రైలు ఎక్కితే తెనాలిలో మారొచ్చు. తమ్ముడూ అమ్మా అక్కడ మీతో కలుస్తారు. నేను బాపట్ల స్టేషన్లో నిలబడి ఉంటాను. కొత్త టైర్లు వేయించాక ఏదో ఒక ఆదివారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని మీరే ఈ గేటు దాకా తీసుకురండి. నాన్న బదులు మీరు దింపండి.

నానమ్మకి నా ముద్దులు. కొబ్బరినూనె ఆమె మోకాళ్ళకే వాడండి, బండికి వద్దు.

మీ ఆశీర్వాదం కోరుతూ,
మీ మనవరాలు
కరుణశ్రీ

తా.క.: ఇంతవరకూ రాసి, మడిచి, కవరులో పెట్టి, మళ్ళీ తీశాను. ఇన్ని కారణాలు చదివాక కూడా మీరు "అమ్మాయి భయస్థురాలు" అనుకుని ఆ బండే ఎక్కుతారని నాకు తెలుసు. అందుకే చెప్పనని తమ్ముడికిచ్చిన మాట తప్పుతున్నాను. ఆ రోజు వేమూరు దగ్గర వాడు నడుపుతున్న నాన్న బండికి ఏ కుక్కా అడ్డం రాలేదు. సన్నటి జల్లు పడుతోంది. ముందు వెళ్తున్న ట్రాక్టరు నెమ్మదించింది. వాడు బ్రేకు వేశాడు. వేగంగా కూడా పోవడం లేదు. చక్రం పాచి మీద జారినట్టు జారిపోయింది. మీరు ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చి, వాడు నోరు తెరవక ముందే "నిన్ననేరా, రెండు టైర్లూ బాగా నూనె పెట్టి తుడిచిచ్చాను" అన్నారు. మీ మొహం చూసి వాడికి నిజం చెప్పే ధైర్యం చాలలేదు. కుక్క అన్నాడు. మీ మీద వాడికి కోపం లేదు, నాకూ లేదు. మీరూ మీ మీద కోపం పెట్టుకోకండి. నల్లోడి మీద మాత్రం అస్సలు వద్దు. ఈ ఉత్తరం చేరిన సాయంత్రం వాడికి ముద్ద పెట్టండి.