పిచ్చుకల ఫ్యాను

దొడ్డమ్మా, నమస్కారం. ఈ కొండల్లో ఫోను అందదు కనక కార్డు రాస్తున్నాను.

ఆఫీసు నుంచి నేను మెయిలు పెడితే తమ్ముడు శ్రీకర్ చెప్పింది విని బెంగపడి ఉంటావు. నన్నెవరూ కొట్టలేదు, అరిచారంతే. స్కాట్లండ్ ఉత్తరపు కొసన చిత్తడి నేల మీద గాలిమరలు పెట్టడానికి మా కంపెనీ రోడ్డు వేస్తానంటోంది. అక్కడ నేల మీదే గుడ్లు పెట్టే పిట్టలున్నాయి, వద్దంటారు ఊళ్లో సగంమంది. పనులు దొరుకుతాయి, వెయ్యండంటారు మిగతావాళ్లు. మొన్న ఊరి హాల్లో మీటింగు పెడితే, మొరాగ్ అనే పెద్దావిడ లేచి, "రోడ్డు ఇంజనీరువి నువ్వేగా, పిట్టంటే నీకు లెక్కుందా?" అని గద్దించింది. కంపెనీ నేర్పిన జవాబు పక్కన పెట్టాను. మన చీరాల ఇంట్లో ఫ్యాను పైగిన్నెలో పిచ్చుక గూడు పెడితే, పిల్లలు ఎగిరేదాకా రోహిణి కార్తె ఎండల్లో కూడా నువ్వు స్విచ్చి ముట్టనివ్వని సంగతి చెప్పేశాను. హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"అయితే మీరూ ఆగండి" అంది.

మా మేనేజరు ముఖం ముడుచుకున్నా, అంతమంది ముందు కాదనలేక ఒప్పుకున్నాడు. రోడ్డు ఎటు తిప్పితే గూళ్లు తప్పుతాయో చూడ్డానికి రేపు ఆవిడా నేనూ కలిసి ఆ నేలంతా నడుస్తాం.

జలుబు తగ్గింది. కందిపొడి అయిపోయింది, మా ఆఫీసు మానస ఇటు వచ్చేటప్పుడు ఇచ్చి పంపు. పెదనాన్న మోకాలు ఎలా ఉంది? నా నమస్కారాలు చెప్పు. ముందుగదిలో ఏసీ పెట్టించి ఆ ఫ్యాను తీయిస్తానన్నారట. తీయనివ్వకు. దాని మాట మీద ఇక్కడ ఒక రోడ్డు ఆగింది.

నీ బిందు