సుజాత కోసం అతను వస్తాడా?

రాజమండ్రి, శుక్రవారం రాత్రి, ఆగస్టు 1998

సాయంత్రం నరసాపురం నుంచి ఒకమ్మాయి వచ్చింది. వారపత్రికలో నా సీరియల్ చదువుతోందట. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సుజాత కోసం అతను తిరిగొస్తాడాండి? ముందే చెప్పేయండి."

నేను నవ్వాను, తను నవ్వలేదు. తను ప్రేమించినవాడు కువైట్ వెళ్ళాడట. ఎల్లుండి ఇంట్లో వేరే సంబంధానికి తాంబూలాలు.

"మీ కథలో అతనొస్తే, నేనీ సంబంధం వద్దని చెప్పేస్తానండి."

"అతను నీతో మాట్లాడి ఎన్నాళ్ళయిందమ్మా?"

"రెండేళ్ళండి."

"అది కథమ్మా. అందులో నా ఇష్టమొచ్చినట్టు ఎవరినైనా రప్పిస్తాను."

ఆ ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "అయితే రప్పిస్తారన్నమాట!"

అది కాదంటూ నేను లేచేలోపే గేటు దాటి రిక్షా ఎక్కేసింది.

భోజనాలయ్యాక కూర్చుని, వచ్చే సంచికకి రాసిపెట్టుకున్న, అతను రైలు దిగే సీను మొత్తం కొట్టేశాను. ఏం లాభం? పత్రిక వచ్చేది గురువారం. ఈలోపు ఆ పిల్ల ఇంట్లో ఏం చెప్పేస్తుందో!

పొద్దున్నే నరసాపురం బస్సెక్కుతాను. అక్కడ దిగి ఎవరి ఇల్లని అడగను? కథలో పిల్ల గురించే మాట్లాడుతూ, ఎదురుగా నిలబడిన పిల్ల పేరే అడగలేదు.